రెండో ఓటు ఎవరికి పడింది?

(ఎన్నికల పొత్తుల మీద సోషలిస్టు, వామపక్ష, దళిత సంఘాల కార్యకర్తలు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించీ మాట్లాడిన వక్తలందరూ దాదాపు ఒకే మాట చెప్పారు. ప్రజాస్వామ్యం ప్రమాదంలో పడింది, రాజ్యాంగం ప్రమాదంలో పడింది, కాబట్టి అందరం కలవాలి అన్నారు. కలవాలనే నేనూ వచ్చాను. కాదనడానికి రాలేదు. కాకపోతే ఈ 'అందరం కలవాలి' అన్న మాట మా పల్లెల్లో, మా వాడల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ప్రతిసారీ కలిశాం. కలిసిన తర్వాత ఎవరి ఓటు ఎవరికి పడింది అన్న లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. ఇవాళ ఆ లెక్క చెబుదామని కాయితం మీద రాసుకొచ్చాను. మాట్లాడేది ఓట్ల గురించి గనుక అంకెలు తప్పవు, కాస్త ఓపిక పట్టండి.

మొదట 1952 ఎన్నికల సంగతి. కుర్రవాళ్ళకు తెలియకపోవచ్చు, అప్పట్లో షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన సీట్లు చాలావరకు జంట నియోజకవర్గాల్లో ఉండేవి. ఒకే నియోజకవర్గం, ఇద్దరు సభ్యులు. ఒకటి జనరల్ సీటు, ఇంకోటి రిజర్వుడు సీటు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. అప్పటి బ్యాలెట్ కాయితం మీద గుర్తులుండేవి కావు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు తన రెండు కాయితాలనూ ఇద్దరు వేరు వేరు అభ్యర్థుల పెట్టెల్లో వేయాలి. రెండూ ఒకే పెట్టెలో వేస్తే అందులో ఒకటి చెల్లదు.

ఆ ఎన్నికల్లో బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయి నార్త్ నుంచి లోక్‌సభకు నిలబడ్డారు. పార్టీ షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్, గుర్తు ఏనుగు. పొత్తు సోషలిస్టు పార్టీతో. సోషలిస్టుల గుర్తు మర్రిచెట్టు, జనరల్ సీటుకు వాళ్ళ అభ్యర్థి అశోక్ మెహతా. ఎదర కాంగ్రెస్ జోడెద్దులు. పొత్తు ధర్మం ఏమిటి? సోషలిస్టు ఓటరు ఒక కాయితం మర్రిచెట్టు పెట్టెలో, రెండోది ఏనుగు పెట్టెలో వేయాలి. ఫెడరేషన్ ఓటరు ఒకటి ఏనుగుకు, ఇంకోటి మర్రిచెట్టుకు వేయాలి. అంతే. ఇంతకంటే తేలికైన పొత్తు ప్రపంచంలో ఉండదు. ఎవరూ తన పార్టీ ఓటు వదులుకోనక్కర్లేదు. చేతిలో ఉన్న రెండో కాయితం మిత్రుడికి ఇస్తే చాలు.

ఏమైంది? కాంగ్రెస్ రిజర్వుడు అభ్యర్థి నారాయణ్ కజ్రోల్కర్‌కు 1,38,137 ఓట్లు వచ్చాయి. అంబేడ్కర్‌కు 1,23,576. రాజ్యాంగం ముసాయిదా రాసిన మనిషి, ఆ రాజ్యాంగం ఇచ్చిన వయోజన ఓటు హక్కుతో జరిగిన మొదటి ఎన్నికల్లో 14,561 ఓట్లతో ఓడిపోయాడు. ఈ మాట అందరూ చెప్పుకుంటారు. అందరూ చెప్పుకోని అంకె ఇంకోటుంది. అశోక్ మెహతాకు వచ్చినవి 1,39,741. అంటే అదే పొత్తులో, అదే రోజున, అదే ఓటర్ల దగ్గర మెహతా కంటే అంబేడ్కర్‌కు 16,165 ఓట్లు తక్కువ పడ్డాయి. ఓడిన తేడా పద్నాలుగున్నర వేలు, మిత్రుడి పెట్టెకూ తన పెట్టెకూ ఉన్న తేడా పదహారు వేల పైన!

మర్రిచెట్టు పెట్టెలో ఒక కాయితం వేసిన మనిషి రెండోది ఏనుగు పెట్టెలో వేయకుండా ఏం చేశాడు? జోడెద్దులకు వేసి ఉండొచ్చు. ఇంకెవరికో వేసి ఉండొచ్చు. జేబులో పెట్టుకుని పోయి ఉండొచ్చు. రహస్య ఓటు గనుక ఎవరు ఏం చేశారో మనం చెప్పలేం. మా ఫెడరేషన్ ఓటర్లలో కూడా కొందరు మర్రిచెట్టుకు వేయలేదనుకోండి, అప్పుడు మెహతా పెట్టెలోని ఓట్లలో ఎక్కువ భాగం సవర్ణులవే అవుతాయి, ఏనుగుకు రాకుండా పోయిన ఓట్లు పదహారు వేలు కాదు, ఇంకా ఎక్కువన్నమాట. ఎటు తిప్పి చూసినా లెక్క మన వైపు తేలదు.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. కాంగ్రెస్ జంటలో కూడా తేడా ఉంది. వాళ్ళ జనరల్ అభ్యర్థి వి.బి. గాంధీకి 1,49,138, కజ్రోల్కర్‌కు అంతకంటే 11 వేలు తక్కువ. అంటే కాంగ్రెస్ సవర్ణ ఓటరుకు కూడా రెండో చెయ్యి వణికింది. కానీ సమ సమాజం తెస్తామన్న పార్టీ వాళ్ళ చెయ్యి అంతకంటే ఎక్కువ వణికింది. నాకు బాధ కలిగించేది ఇదీ. కాంగ్రెస్ నించి మేం ఏనాడూ ఏమీ ఆశించలేదు.

ఇక కమ్యూనిస్టు మిత్రుల సంగతి. వారూ ఇక్కడే ఉన్నారు. ఆ నియోజకవర్గంలోనే డాంగే పోటీ చేశారు. ఎన్నిక అయ్యాక 74,333 ఓట్లు చెల్లనివి తేలాయి. రెండో ఓటు వృథా చేయమని కమ్యూనిస్టులు ప్రచారం చేశారనీ, తన ఓటమికి అదే కారణమనీ అంబేడ్కర్ ఆరోపించారు. అంబేడ్కర్, అశోక్ మెహతా ఇద్దరూ కలిసి పిటిషన్ వేశారు. అది నిలవలేదు. అశోక్ మెహతా మోసం చేశాడని నేను అనడం లేదు. పక్కన నిలబడి పిటిషన్ వేసిన మనిషిని మోసగాడని ఎలా అంటాం? నాయకుడు పొత్తుకు కట్టుబడ్డాడు. ఆయన వెనకున్న జనం కట్టుబడలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం పేరే కులం.

రెండేళ్ళ తర్వాత, 1954లో భండారా ఉప ఎన్నిక వచ్చింది. మళ్ళీ జంట నియోజకవర్గమే. మళ్ళీ అంబేడ్కర్, అశోక్ మెహతా. ఈసారి అశోక్ మెహతా గెలిచి లోక్‌సభకు వెళ్ళారు. అంబేడ్కర్ 8,381 ఓట్లతో ఓడిపోయారు. దీని మీద నేను వ్యాఖ్యానం చేయను. మా ఓటుతో వాళ్ళ మనిషి గెలిచాడు, వాళ్ళ ఓటుతో మా మనిషి గెలవలేదు. మా వాడల్లో 'పొత్తు' అనగానే ముసలాళ్ళు ఎందుకు మొహం చిట్లిస్తారో సోషలిస్టు మిత్రులకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అయితే దళితుడికి రెండో ఓటు ఎప్పుడూ, ఎక్కడా పడలేదా? పడింది. ఎక్కడో కాదు, మన కరీంనగర్‌లోనే పడింది. అదే 1952 ఎన్నికల్లో కరీంనగర్ కూడా జంట నియోజకవర్గమే. జనరల్ సీటు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డికి వచ్చింది. రిజర్వుడు సీటు షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణకు వచ్చింది. దేశం మొత్తంలో ఫెడరేషన్‌కు వచ్చిన లోక్‌సభ సీట్లు రెండే రెండు. ఒకటి షోలాపూర్‌లో రాజభోజ్‌ది, రెండోది మన కరీంనగర్‌ది. విచిత్రం చూడండి, ఆ ఎన్నికల ముందు ఫెడరేషన్ కేంద్ర కమిటీ చేసిన తీర్మానంలో హిందూ మహాసభ, ఆరెస్సెస్‌ల వంటి పార్టీలతోనూ, కమ్యూనిస్టులతోనూ పొత్తు ఉండదని స్పష్టంగా రాసుకున్నారు. బొంబాయిలో పొత్తు ఉన్న సోషలిస్టుల ఓటు రాలేదు. తీర్మానం వద్దన్న కమ్యూనిస్టుల ఫ్రంటు మనిషి, మా ఫెడరేషన్ మనిషి కరీంనగర్‌లో పక్కపక్కన గెలిచారు.

ఎందుకని? నా అభిప్రాయం చెబుతాను, కాదనేవాళ్ళు చర్చలో చెప్పండి. తెలంగాణలో అప్పటికి అయిదారేళ్ళుగా వెట్టికి వ్యతిరేకంగా, భూమి కోసం జనం కలిసి దెబ్బలు తిన్నారు. దొర గడీ ముందు మాల, మాదిగ, గొల్ల, కుర్మ, సాలె, రైతు కలిసి నిలబడ్డారు. సంఘంలో కులం లేదని నేననను. ఉంది, నాయకత్వం ఎవరి చేతుల్లో ఉందో పేర్లు చూస్తేనే తెలుస్తుంది. కానీ లాఠీ కింద పక్కన నిలబడ్డవాడికి పెట్టె ముందు ఓటు వేయడం కాస్త తేలికవుతుంది. బొంబాయిలో పొత్తు ఎన్నికల ముందు కాయితం మీద పుట్టింది. తెలంగాణలో ఎన్నికల కంటే ముందే పొలంలో పుట్టింది. తర్వాత ఎం.ఆర్. కృష్ణ కాంగ్రెస్‌లోకి వెళ్ళిపోయారు. ఆయనొక్కడిని తిట్టి లాభం లేదు. ఎన్నికకూ ఎన్నికకూ మధ్య ఆ కలయికకు ఒక ఇల్లంటూ కట్టుకోలేదు మనం.

1957లో బొంబాయిలో కథ మారింది. అంబేడ్కర్ 1956 డిసెంబర్ 6న పోయారు. రెండు మూడు నెలల్లో ఎన్నికలు. అప్పటికి సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం నడుస్తోంది. పోలీసు కాల్పుల్లో వంద మందికి పైగా చనిపోయారు. ఆ సమితిలో ప్రజా సోషలిస్టులు, కమ్యూనిస్టులు, పెజెంట్స్ అండ్ వర్కర్స్ పార్టీ, షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ అందరూ చేరారు. బొంబాయి సెంట్రల్ జంట నియోజకవర్గం. జనరల్ సీటు ఎవరు గెలిచారో తెలుసా? డాంగే. రిజర్వుడు సీటు? ఫెడరేషన్ అభ్యర్థి జి.కె. మానే. ఐదేళ్ళ కింద రెండో ఓటు వృథా చేయించాడని అంబేడ్కర్ ఎవరిని నిందించారో ఆయన పక్కనే మా ఫెడరేషన్ మనిషి గెలిచాడు. నాసిక్ నుంచి దాదాసాహెబ్ గైక్వాడ్ గెలిచారు. అంటే మనుషులు మారలేదు, కులాలు మారలేదు, పార్టీలూ మారలేదు. వీధిలో కలిసి నడిచిన అనుభవం మారింది.

అయితే ఇక్కడితో చప్పట్లు కొట్టకండి. 1960లో మహారాష్ట్ర రాష్ట్రం వచ్చింది. సవర్ణుల డిమాండు తీరింది. సమితి పని అయిపోయింది. 1962 ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీకి మహారాష్ట్రలో ఒక్క లోక్‌సభ సీటు కూడా రాలేదు. మా డిమాండు భూమి. అది తీరలేదు. 1964 డిసెంబర్‌లో రిపబ్లికన్ పార్టీ భూమి కోసం సత్యాగ్రహం చేసి లక్షల మంది జైళ్ళకు పోతే, సమితిలో మా భుజం మీద చెయ్యేసిన వాళ్ళలో ఎంతమంది వచ్చారు? మీ డిమాండు మీద కలిసినప్పుడు మేం చచ్చేదాకా వచ్చాం. మా డిమాండు మీద కలిసే రోజు ఎప్పుడు? 'ఉమ్మడి కార్యక్రమం' అంటే అందరికీ ఇష్టమైన నాలుగు ముక్కలు రాసుకోవడం కాదు. అందులో సవర్ణుడికి ఇబ్బంది కలిగించే ముక్క ఒక్కటైనా ఉండాలి. లేకపోతే అది ఉమ్మడి కాదు.

1962లో రిపబ్లికన్ పార్టీకి లోక్‌సభలో మూడు సీట్లు వచ్చాయి, మూడూ ఉత్తరప్రదేశ్‌లోనే. అందులో అలీగఢ్ జనరల్ సీటు. బి.పి. మౌర్య అనే దళితుడు జనరల్ సీటులో గెలిచాడు. దళితులు, ముస్లిములు కలిశారు. 1961లో అలీగఢ్‌లో మతకలహాలు జరిగినప్పుడు ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో జనం చూశారు గనుక కలిశారు.

జంట నియోజకవర్గాలు ఎలా పోయాయో కూడా చెప్పి ముందుకెళ్తాను. ఇది మన ఆంధ్ర కథే. 1957లో పార్వతీపురం జంట నియోజకవర్గంలో కాంగ్రెస్ తరఫున వి.వి. గిరి నిలబడ్డారు. రిజర్వుడు సీటూ జనరల్ సీటూ రెండూ గిరిజనులే గెలిచారు. ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరూ వాళ్ళే మరి. జనరల్ సీటులో గిరిజనుడు ఎలా కూచుంటాడని గిరి కోర్టుకెళ్ళారు. 1959లో సుప్రీంకోర్టు గిరి వాదన ఒప్పుకోలేదు, డిప్పల సూరి దొర ఎన్నిక సరైనదే అంది. రెండేళ్ళు తిరక్కుండానే, 1961లో జంట నియోజకవర్గాలను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. జంట సీట్ల వల్ల ఖర్చు, గందరగోళం ఉన్న మాట నిజమే. కానీ మేం జనరల్ సీటు గెలవగలమని తేలాక ఆ పద్ధతి పోయిందన్న సంగతి మా వాళ్ళు మర్చిపోకూడదు. అప్పట్నించీ రిజర్వుడు సీటులో అన్ని పార్టీల అభ్యర్థులూ దళితులే గనుక సవర్ణుడి మనసులో ఏముందో తెలుసుకునే పరీక్ష లేకుండా పోయింది. ఇప్పుడు ఆ పరీక్ష ఒక్క చోటే మిగిలింది. జనరల్ సీటులో దళితుణ్ణి నిలబెట్టినప్పుడు.

ఇక ప్రజాస్వామ్య పరిరక్షణ అనే మాటకొద్దాం. ఈ దేశంలో ఆ పేరుతో జరిగిన అతిపెద్ద ఎన్నిక 1977ది. ఎమర్జెన్సీలో సోషలిస్టులు జైళ్ళలో మగ్గారు, దెబ్బలు తిన్నారు. వాళ్ళ త్యాగం చిన్నది కాదు. కానీ పొత్తు ఎలా కట్టారు? జనసంఘ్‌ను కూడా లోపలికి తెచ్చి ఒకే పార్టీగా కలిపేశారు. 1951లో ఫెడరేషన్ ఎన్నికల ముందే ఎవరితో కలవమో పేర్లు పెట్టి రాసుకుంది. 1977లో ఆ గీత గీయలేదు. తర్వాత రెండేళ్ళకు ఆరెస్సెస్‌లో కూడా సభ్యులుగా ఉంటారా అని సోషలిస్టులే అడగాల్సి వచ్చింది, ఆ గొడవలోనే జనతా కూలింది. ఈలోపు జనసంఘ్‌కు రావలసిన మర్యాద వచ్చేసింది. ఆ వడ్డీ ఇవాళ్టికీ కడుతున్నాం.

మా వైపు నుంచి చూస్తే 1977 ఇంకోలా కనిపిస్తుంది. మార్చిలో ప్రజాస్వామ్యం తిరిగొచ్చింది. మే 27న బీహార్‌లోని బెల్చిలో పదకొండు మందిని చంపి మంటల్లో వేశారు, అందులో ఎనిమిది మంది దళితులు. ఏ ఇందిరాగాంధీని నియంత అని ఓడించారో ఆమె ఆ బురదలో ఏనుగెక్కి బెల్చికి వెళ్ళింది. మళ్ళీ ఆమె లేచి నిలబడిన దారి అక్కణ్ణించే మొదలైందని ఎంతోమంది రాశారు. 1978 జులైలో మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేడ్కర్ పేరు పెడుతూ మహారాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. అప్పుడు అక్కడున్నదీ జనతా భాగస్వామిగా ఉన్న సంకీర్ణ ప్రభుత్వమే. ఊళ్ళకు ఊళ్ళు వాడల మీద పడ్డాయి. ఇళ్ళు తగలబెట్టారు. ప్రభుత్వం తీర్మానాన్ని పక్కన పెట్టింది. ఆ పేరు పెట్టడానికి 1994 జనవరి 14 దాకా, అంటే పదిహేనేళ్ళకు పైగా పట్టింది. ప్రజాస్వామ్యం కాపాడబడిన రాష్ట్రంలో, కాపాడినవాళ్ళ పాలనలో! కాబట్టి 'ప్రజాస్వామ్యాన్ని కాపాడదాం రండి' అని మీరు పిలిస్తే మా పల్లెలో ఒక ముసలమ్మ అడిగే ప్రశ్న ఒకటే. కాపాడాక అది మా పల్లెలోకి వస్తుందా నాయనా?

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పింది కూడా ఇదే గదా. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం పెట్టుకుంటే ఈ కట్టడం ఎక్కువ కాలం నిలవదన్నారు. నియంతలు పైనుంచి ఊడిపడరు. ఊళ్ళో నియంతను భరించడం అలవాటైన జనానికి ఢిల్లీలో నియంత కొత్తగా కనిపించడు.

ఈ రెండు ధారలూ ఒకసారి కలవబోయి ఆగిపోయాయి. 1955 డిసెంబర్‌లో రామ్ మనోహర్ లోహియా అంబేడ్కర్‌కు ఉత్తరం రాశారు, 'మ్యాన్‌కైండ్' పత్రికకు కులం మీద వ్యాసం రాయమని. ఆ పత్రిక పుట్టింది మన హైదరాబాద్‌లోనే. 1956లో ఇద్దరి మధ్యా కలుసుకుందామని ఉత్తరాలు నడిచాయి. కలవకుండానే అంబేడ్కర్ వెళ్ళిపోయారు. కలిసి ఉంటే ఏమయ్యేదని ఊహించుకుంటూ వ్యాసాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఆ ఊహల మీద ఆసక్తి లేదు. ఇద్దరు పెద్దలు కలిసినా భండారాలో రెండో ఓటు పడేదా అన్నదే నా అనుమానం.

ఉత్తరప్రదేశ్‌లో 1991లో ఇటావా జనరల్ సీటు నుంచి కాన్షీరామ్ ములాయం సింగ్ మద్దతుతో గెలిచారు. 1993లో ఇద్దరూ కలిసి పోటీ చేస్తే సమాజ్‌వాదీకి 109, బహుజన సమాజ్‌కు 67 వచ్చాయి. 177 వచ్చిన బీజేపీని అధికారానికి దూరంగా ఉంచారు. బాబ్రీ మసీదు కూల్చిన ఏడాదికి జరిగిన సంగతి ఇది. ఓటు బదిలీ అయింది, కాదనలేం. కానీ ఊళ్ళో భూమి ఉన్న వెనకబడిన కులానికీ, ఆ భూమిలో కూలి చేసే దళితుడికీ మధ్య కూలి రేటు గురించి ఒక్క ఒప్పందమైనా జరిగిందా? పంచాయతీల్లో ఎవరి పెత్తనం అన్న మాట తేల్చుకున్నారా? తేల్చుకోలేదు. 1995 జూన్‌లో లక్నో గెస్ట్‌హౌస్‌లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. మర్నాడే బీజేపీ మద్దతుతో మాయావతి ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత 1997లో, 2002లో కూడా అదే మద్దతు. తప్పు ఒక వైపే ఉందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టడానికి, మా వాళ్ళను సంతోషపెట్టడానికి నేను రాలేదు.

మన దగ్గర 2018లో బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పెట్టారు. అంతకుముందు 2016-17లో సీపీఎం వాళ్ళు సామాజిక న్యాయం పేరుతో తెలంగాణ అంతా నెలల తరబడి పాదయాత్ర చేశారు. ఎర్రజెండా పక్కన నీలిజెండా పట్టారు. ఆ నడక నాకు నచ్చింది. టికెట్లలో కూడా బీసీలకూ దళితులకూ చోటిచ్చారు. డిసెంబర్‌లో ఒక్క సీటు రాలేదు. నవ్వినవాళ్ళున్నారు. నేను నవ్వను. ఊరి గుండా నడవడం వేరు, ఊళ్ళో ఉండటం వేరు. పాదయాత్ర వెళ్ళిపోయిన మర్నాడు ఆ ఊళ్ళో రెండు గ్లాసుల హోటలు దగ్గర ఎవరైనా కూచున్నారా? అది లేకుండా జాబితాలో సామాజిక న్యాయం ఎంత పెట్టినా ఓటరు నమ్మడు.

2024లో ఫైజాబాద్. అయోధ్య ఉన్న నియోజకవర్గం, జనరల్ సీటు. సమాజ్‌వాదీ పార్టీ అక్కడ పాసీ కులానికి చెందిన అవధేశ్ ప్రసాద్‌ను నిలబెట్టింది. ఎమర్జెన్సీలో జైలుకు పోయిన మనిషి. 54,567 ఓట్లతో గెలిచాడు. గుడి ప్రారంభించిన ఆరు నెలల్లోపే. నాకు తెలిసి ఈ మధ్య కాలంలో రెండో ఓటు పడిందని గట్టిగా చెప్పుకోదగిన సందర్భం ఇది. రాజ్యాంగం మారుస్తారన్న భయం దళితుల్ని కదిలించింది. ఇళ్ళూ దుకాణాలూ పోగొట్టుకున్న స్థానికుల కోపమూ తోడైంది. కానీ 2025 ఫిబ్రవరిలో అదే జిల్లాలోని మిల్కీపూర్ ఉప ఎన్నికలో ఆయన కొడుకు అరవై వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయాడు. అది రిజర్వుడు సీటు. జనరల్ సీటులో గెలిపించిన ఓటు ఏడాది కూడా నిలవలేదు.

ఇప్పుడు సోషలిస్టు మిత్రులను సూటిగా అడుగుతున్నాను. మీరు పొత్తు కోసం మా వాడకు వస్తారు. మా వాడకు రానక్కర్లేదు. మా ఓటు 1952లోనే మీకు పడింది, 1954లో గెలిపించింది కూడా. మీరు వెళ్ళాల్సింది మీ వీధికి. మీ అన్నదమ్ముల దగ్గరికి, మీ బావల దగ్గరికి, మీ కులసంఘం భోజనాలకు. అక్కడ కూచుని 'ఈసారి జనరల్ సీటులో మాదిగ మనిషికి వేద్దాం' అని చెప్పండి. చెప్పినప్పుడు ఎవరు ఏమన్నారో వచ్చి మాకు చెప్పండి. పొత్తు చర్చలు అక్కణ్ణించి మొదలుపెడదాం.

వాడ మీద దాడి జరిగిన రోజు ఖండన ప్రకటన ఇచ్చి ఊరుకుంటే చాలదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగితే కేసులు ఎన్నేళ్ళు నడిచాయో, సాక్షుల్ని కాపాడుకోవడానికి మేం ఎంత తిప్పలు పడ్డామో మీకు తెలుసు. మీ ప్లీడర్లను, మీ యూనియన్ల డబ్బును, మీ ఊళ్ళ సవర్ణ సాక్షుల్ని ఆ కేసులకు ఇవ్వండి. ఒక్క సవర్ణుడు బోనెక్కి నిజం చెబితే వంద బహిరంగ సభల కంటే ఎక్కువ ఓట్లు కలుస్తాయి.

ఓటర్ల జాబితా పని ఇంకోటి. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ పేరుతో ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. చనిపోయినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు అని చెప్పారు. ఆ పేర్లు బయట పెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వలస పోయేదెవరు? ఇటుక బట్టీలకూ, చెరుకు కోతకూ పోయే మావాళ్ళు. ఇంటి నెంబరు లేని ఇంట్లో ఉండేదెవరు? ఇంటింటికీ పోయి జాబితా సరిచూసే పని ఊళ్ళోనించి ఒకరు, వాడలోనించి ఒకరు జంటగా చేయాలి. పోలింగ్ ఏజెంట్లు కూడా అలాగే. రెడ్డి వీధి బూతులో మాల ఏజెంటు, మాలపల్లె బూతులో కమ్మ ఏజెంటు కూచోవాలి. దీనికి కేంద్ర కమిటీ తీర్మానం అక్కర్లేదు.

మా ఇంటి సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1994లో ఈదుమూడిలో దండోరా మోగిన నాటినుంచి మాల మాదిగల మధ్య ఏం నడిచిందో మనందరం చూశాం. వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2025లో తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. ఇంకా మాలపల్లెలో మాదిగ అభ్యర్థికి, మాదిగవాడలో మాల అభ్యర్థికి రెండో ఓటు పడుతుందా అని మనల్ని మనం అడుక్కోవాలి. బొంబాయిలో ఫెడరేషన్‌ను మహర్ల పార్టీ అని తక్కిన దళిత కులాలు దూరం పెట్టాయి, ఆ దూరం కూడా కాంగ్రెస్‌కు పనికొచ్చింది. అక్కల సంగతి మరీ అన్యాయం. మన సభల్లో వంట వాళ్ళది, అభ్యర్థిత్వం మగవాడిది.

అధ్యక్షులు చీటీ పంపారు, టైం అయిపోయింది. ఒక్క సంగతి. మధ్యాహ్నం సీట్ల సర్దుబాటు కమిటీ కూచుంటుందన్నారు. రిజర్వుడు సీట్లు ఎవరెవరికి అన్న చర్చకు మేం రాం, వాటిలో ఎవరు నిలబడ్డా దళితుడే నిలబడతాడు. జనరల్ సీట్ల జాబితా బయటికి తీయండి. అందులో మాకు ఎన్ని ఇస్తారో, మీ బలం ఉన్న చోట ఇస్తారో డిపాజిట్ రాని చోట ఇస్తారో పేర్లతో సహా రాసివ్వండి. దాని మీదే మాట్లాడదాం.

జైభీమ్.